నైట్రస్ బుడ్డికి చుట్టిన హీటర్ దుప్పటి

నిజామాబాద్‌లో ముప్పై ఆరేళ్లు ఇంజిన్లు విప్పి బిగించాక, మోకాళ్లు మొరాయించడంతో గ్యారేజీ వదిలేసి ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి ఒకటే ప్రశ్న అడుగుతుంటారు. "కాకా, ఇంజిన్ లోపల ఏం మార్చకుంట నైట్రస్ పెట్టొచ్చా?" పెట్టవచ్చు అంటాను. పెట్టకపోతేనే మంచిది అని కూడా అంటాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు. నా చేతులతో నేను ఒకే ఒక్క బండికి ఆ గ్యాస్ పెట్టాను. అక్కడ ఏం జరిగిందో గంట గంటకూ చెప్పగలను. ఎందుకు జరిగిందని అడిగితే మాత్రం ఇవాళ్టికీ తికమక పడతాను. ఆ తికమకనే ఉన్నదున్నట్టు రాసి పెడుతున్నాను. మీకు పనికొస్తే సరే.

ఆ బండి బోధన్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేసే నర్సుది. ఆపరేషన్ థియేటర్‌లో ఆమె ఉద్యోగం. యాభై దాటిన మనిషి. తల నున్నగా దువ్వి, చీర కొంగు నడుముకు దోపి, గబగబా నడిచేది. బోధన్‌లో చిన్నా పెద్దా అందరూ ఆమెను సిస్టరమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. పద్నాలుగేళ్ల కిందట సొంత జీతంతో కొన్న పెట్రోలు కారు ఆమెది. ఆ ఇంజిన్ నట్టు ఎవరూ విప్పలేదు. ఆయిలు మార్చడం తప్ప నేనూ ఏమీ చేయలేదు.

ఒకరోజు ఆయిలు మార్పించుకోవడానికి వచ్చి, సంచిలో నుంచి ఒక డబ్బా తీసి నా బల్ల మీద పెట్టింది. ముంబైలో ఎవరి దగ్గరో కొన్న నైట్రస్ కిట్. చిన్న నీలం బుడ్డి, జాలీ అల్లిన పైపులు, రెండు విద్యుత్ వాల్వులు, గ్యాస్ ఎంత పోవాలో కొలిచే సన్న రంధ్రాల ఇత్తడి జెట్లు, ఒక మందపాటి కాగితాల కట్ట.

"గిది నా బండికి పెట్టాలె అన్నా. కని ఇంజిన్ విప్పొద్దు."

నాకు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. "ఎందుకు సిస్టరమ్మా?" అన్నాను.

"ఊకెనే" అంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నైట్రస్ దానంతట అది మండే ఇంధనం కాదు. అది లోపలికి ఆక్సిజన్ మోసుకుపోతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే ఎక్కువ పెట్రోలు కాల్చవచ్చు, అప్పుడు బలం వస్తుంది. బలంతో పాటు వేడీ వస్తుంది. ఆ గ్యాస్‌కు తగ్గ పెట్రోలు అందకపోతే మంట పిస్టన్‌నే తింటుంది. పందెం బండ్లకు గట్టి పిస్టన్లు వేసుకుంటారు. కంపెనీ నుంచి వచ్చిన మామూలు పిస్టన్ కొద్దిగా ఓర్చుకుంటుంది, అంతకు మించితే పగులుతుంది. ఆ కొద్దిగా అంటే ఎంత అన్నదే ప్రశ్న.

నేను చేయనని అనలేదు. ముప్పై ఆరేళ్లలో ఎవరూ ఇలాంటి పని నా ముందు పెట్టలేదు. గర్వం పనిచేసింది. కానీ ఆపరేషన్ థియేటర్‌లో మత్తుకు ఇచ్చేది కూడా ఇదే గ్యాస్ కాబట్టి ఒక అనుమానం ఉంది, నోరు జారి అడిగేశాను.

"గ్యాస్ యాడికెల్లి తెస్తరు? మీ ఆసుపత్రిదేనా?"

ఆమె లేచి నిలబడింది. "ఆ బుడ్డి మీద నేను చెయ్యేస్తే, టేబుల్ మీద పండుకున్నోని గతేంగావాలె అన్నా? ముప్పయ్యేండ్ల సంది ఆ కొలువు జేస్తున్న. ఇంకొక్కసారి గట్లడుగకుర్రి."

చేతులు జోడించాను. బండ్లకు వాడే గ్యాస్ వేరుగా దొరుకుతుందనీ, ఎవరూ పీల్చకుండా అందులో ఘాటు వాసన కలుపుతారనీ ఆమే చెప్పింది. ఇంకొకటి కూడా నేర్పింది. బుడ్డి మీది ప్రెషర్ ముల్లు చూసి గ్యాస్ ఎంత ఉందో నేను లెక్క కట్టబోతే ఆపింది.

"ముల్లు జూస్తే తెల్వదు అన్నా. లోపల నీళ్ల లెక్క ఉంటది. ఆ నీళ్లు అయిపోయేదాక ముల్లు పెద్దగ దిగది. తూకమెయ్యాలె."

పసుపు మార్కెట్ దగ్గర తెలిసిన అడ్తి దుకాణంలో కాంటా మీద పెట్టి తూకం వేశాం. బుడ్డి అడుగంతా పసుపు అంటుకుంది. అక్కడే నా మనసులో ఒక మాట పడిపోయింది: ఈ గ్యాస్ సంగతి ఈమెకు పూర్తిగా తెలుసు. ఇంజిన్ సంగతి నేను చూసుకుంటే చాలు. ఆ మాటే తర్వాత మమ్మల్ని ముంచింది.

ఇంజిన్ విప్పొద్దని ఆమె ఎందుకు అంత పట్టుబట్టిందని అడిగాను. "పొట్ట గోసి కుట్టినంక మనిషి మళ్ల ముందటి లెక్క ఉండడు అన్నా. నేను జూసిన" అంది. బండికీ అదే లెక్క అన్నమాట. సరేనన్నాను.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పాలి. బోధన్‌లో లేత్ మిషన్ మీద ఇంజిన్ సిలిండర్లను లోపల తొలిచి బోరింగ్ చేసే భాయ్. వాళ్ల తాత కాలం నుంచి ఆ కుటుంబానిది ఇనుము పనే. నాకంటే రెండేళ్లు పెద్ద. మా స్నేహం ముప్పై ఏళ్లది, అందులో మేం మాట్లాడుకోకుండా గడిపిన నెలలు కలిపితే ఐదారేళ్లు ఉంటాయి. నన్ను పటేలా అని పిలుస్తాడు, కోపమొచ్చినా అదే పిలుపు. కిట్ చూపిస్తే దాన్ని ముట్టుకోలేదు.

"పటేలా, పిస్టన్‌ను అడిగినవా?"

"ఏమని?"

"నీకు ఇష్టమేనా అని."

అయినా రోజూ బస్సెక్కి వచ్చి నా పక్కన కూర్చునేవాడు. నేను ఏ వైరు ఎక్కడ కలుపుతున్నానో చూస్తూ, అక్కరలేని ప్రశ్నలు వేస్తూ.

ఒట్టు, జాగ్రత్తగానే చేశాను. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూశాను, నాలుగూ సమానంగా ఉన్నాయి. కిట్‌లో ఉన్న జెట్లలో అన్నింటికంటే చిన్నవి వేశాను. గ్యాస్‌తో పాటు అదనపు పెట్రోలు కూడా చల్లే కిట్ అది. యాక్సిలరేటర్ పూర్తిగా నేలకు తొక్కితేనే గ్యాస్ వచ్చేలా స్విచ్ పెట్టాను. ప్లగ్గు నిప్పు వేసే టైమింగ్ కొంచెం వెనక్కి జరిపాను. చల్లగా ఉండే రకం ప్లగ్గులు వేశాను. మంచి పెట్రోలు హైదరాబాద్ నుంచి తెప్పించాను. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. ఇంజిన్ మరీ నెమ్మదిగా ఉన్నా, హద్దు దాకా గిర్రున తిరిగినా గ్యాస్‌ను దానంతట అదే ఆపేసే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. అది కిట్‌లో లేదు, వేరుగా ఆర్డర్ పెట్టాం. పార్శిల్ ఇవాళ రేపు అంటూ రాలేదు. "రెండో గేరు పడ్డంకనే స్విచ్ ఎయ్యుర్రి, గేరు మార్చేటప్పుడు కాలు తియ్యుర్రి. డబ్బా లేకున్నా నడుస్తది" అన్నాను. ముప్పై ఆరేళ్ల అనుభవం నోట్లో నుంచి అలా వచ్చింది.

పరుగు ఒక వెంచర్‌లో పెట్టారు. బోధన్ రోడ్డు మీద ప్లాట్లు కొట్టి, తారు రోడ్డు వేసి, ఒక్క ఇల్లూ లేవని చోటు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు పోలీసుల అనుమతి తీసుకుని నాలుగు వందల మీటర్లకు గీతలు గీశారు. మామూలు రోడ్డు మీద ఈ గ్యాస్ వాడడానికి చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. మార్చి నెల. మేం ఏడింటికే చేరాం. గాలి చల్లగా ఉంది.

డిక్కీ తెరిచి బుడ్డి ముల్లు చూశాను. ఉండాల్సిన గీత కంటే కిందికి ఉంది. కిట్ కాగితాల్లో స్పష్టంగా రాసి ఉంది: బుడ్డి చల్లగా ఉంటే ప్రెషర్ చాలదు, హీటర్ వాడండి. కిట్‌తో పాటే కరెంటుతో వేడెక్కే దుప్పటి లాంటిది ఒకటి వచ్చింది. బుడ్డికి చుట్టి, బ్యాటరీకి కలిపాను. ముల్లు మెల్లగా లేచి గీత మీదికి వచ్చింది. నాకు సంతోషమైంది. డిక్కీ మూసేశాను.

అంబులెన్స్ రాలేదు. అది రాకుండా ఒక్క బండీ కదలదని పరుగు పెట్టినవాళ్లు గట్టిగా చెప్పారు, మంచి పని చేశారు. ఎనిమిదైంది, తొమ్మిదైంది, పదైంది. ప్లాట్ల రాళ్ల మీద కూర్చుని మక్క గారెలు తిన్నాం. నీడ లేదు. అంబులెన్స్ వచ్చేసరికి తారు మెత్తబడుతోంది.

మొదటి పరుగులో సిస్టరమ్మ రెండో గేరులో స్విచ్ వేయగానే ముందు టైర్లు గిర్రున తిరిగాయి. బండి ముందుకు పోకుండా పక్కకు ఊగింది. ఆమె కాలు తీసేసింది. లోపలి మంట తీరు ప్లగ్గు రంగులో తెలుస్తుంది కాబట్టి, తిరిగొచ్చాక ఒకటి తీసి చూశాను, బాగానే ఉంది. భాయ్ డిక్కీ తెరిచి చూసి, "పటేలా, ముల్లు గీత దాటింది" అన్నాడు.

"కొంచెం దాటితే ఏంగాదు."

"గా దుప్పటి ఎందుకు ఇంక? ఎండ సాలదా?"

నలుగురి ముందు అడిగాడు. నాకు మండింది. "నీకు తెల్వని దాంట్ల ఏలు వెట్టకు భాయ్. కాయిదంల రాసున్నది" అన్నాను. ఆయన డిక్కీ మూసి, దూరంగా పోయి రాయి మీద కూర్చున్నాడు. సిస్టరమ్మ హెల్మెట్ చేతిలో పట్టుకుని మా ఇద్దరినీ చూసింది. హెల్మెట్ పెట్టుకుని బండి ఎక్కింది. తప్పయితే ఆమె చెప్పేది కదా అనుకున్నాను.

రెండో పరుగు బాగా మొదలైంది. బండి వెనక నుంచి ఎవరో తన్నినట్టు దూకింది. అంతలో రెండు నుంచి మూడుకు మార్చేటప్పుడు గేరు పడలేదు. ఆమె కాలు ఇంకా నేలకే ఉంది. ఇంజిన్ హద్దు దాకా అరిచింది. హద్దు దగ్గర పెట్రోలు కట్ చేసే ఏర్పాటు ఇలాంటి ఇంజిన్‌లో ఉంటుంది. అప్పుడు ఇంజిన్ సొంత పెట్రోలు ఆగింది, గ్యాస్ మాత్రం పోతూనే ఉంది. ఒక్క క్షణం. రెండు క్షణాలేమో. తర్వాత గేరు పడి బండి గీత దాటింది.

ఈసారి నేను ప్లగ్గులు తీయలేదు. తీయాలి. ప్రతి పరుగు తర్వాత తీయాలని నాకు తెలుసు. పరుగు పెట్టినవాళ్లు తొందర పెడుతున్నారు, ఎండ మండుతోంది, భాయ్ మీద కోపం ఇంకా దిగలేదు. ఆయనే వచ్చి బానెట్ లేపి, "ఇంజిన్ సల్లారని" అని కాసేపు నిలబడ్డాడు. తర్వాత డిక్కీ దగ్గరకు పోయాడు. నేను నీళ్లు తాగడానికి పోయాను.

మూడో పరుగు తీగ లాగినట్టు తిన్నగా పోయింది. టైర్లు తిరగలేదు, గేర్లు తప్పలేదు. మూడింట్లో అదే ఎక్కువ వేగం. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ ఎగిరాను. నైట్రస్ అంటే ఇదీ అని పక్కనున్నవాళ్లకు చెప్పాను.

అప్పుడు డిక్కీ తెరిచాను. బుడ్డి వాల్వు మూసి ఉంది. హీటర్ వైరు ఊడదీసి ఉంది. ముల్లు ప్రమాదం గుర్తుగా ఉండే ఎర్ర గీతకు అవతల ఉంది. చల్లారడం మొదలై ఎంతసేపైందో, అంతకుముందు ఎక్కడి దాకా పోయిందో నాకు తెలియదు. బానెట్ లేపితే కిట్ ఫ్యూజు లేదు.

భాయ్ జేబులో నుంచి ఫ్యూజు తీసి నా అరచేతిలో పెట్టాడు.

"నేనే పీకిన. బుడ్డి ఒక్కటే మూస్తే పెట్రోల్ ఎక్కువై ఇంజిన్ దమ్ము పడుతది. అందుకని ఫ్యూజు పీకిన."

"నాకు చెప్పవా?"

"చెప్పిన గదా పటేలా. ఏలు వెట్టకన్నవ్."

నాకు ఏమీ అర్థం కాలేదు. గ్యాస్ లేనప్పుడే బండి ఎక్కువ వేగం పోయింది. గ్యాస్ ఉన్నప్పుడు పోలేదు. మరి నేను నెల రోజులు చేసిన పని ఏమిటి? ఇంటికి పోయి మంచం మీద పడుకుని లెక్క వేస్తే, మొదటిసారి టైర్లు తిరిగాయి, రెండోసారి గేరు తప్పింది, మూడోసారి ఏ తప్పూ జరగలేదు కాబట్టి అలా అయిందని తేలింది. తేలిందే కానీ మనసు ఒప్పుకోలేదు.

దానికంటే ముందు, అక్కడే, నాలుగు ప్లగ్గులూ తీశాను. ఒకటి, రెండు, నాలుగు బాగున్నాయి. మూడో ప్లగ్గు తెల్లగా ఉంది. దాని పింగాణీ మీద మిరియాల పొడి కంటే సన్నగా మెరిసే చుక్కలు ఉన్నాయి. ఆ మెరుపు అల్యూమినియం. అంటే పిస్టన్ కరిగి వచ్చి ప్లగ్గుకు అంటుకుంది.

సిస్టరమ్మ పక్కకు వచ్చి వంగి చూసింది. నేను చెప్పకముందే అర్థం చేసుకుంది.

"రెండోసారి గేరు పడలే అన్నా. కాలు తియ్యాల్సింది, తియ్యలే. నాదే తప్పు."

ఆ క్షణంలో నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. "అయితది లేండ్రి" అన్నాను. ఇన్నేళ్ల పనిలో నేను సిగ్గుపడే మాటలు చాలా ఉన్నాయి, అన్నింటికంటే పైన ఉండేది ఇదే. రెండే రెండు పదాలు.

ఎనిమిది రోజులు అలాగే ఉన్నాను. ఆమె రెండుసార్లు ఫోన్ చేసి, "ఇంజిన్ విప్పాల్నా అన్నా?" అని అడిగింది. "చూద్దాం" అన్నాను. ఆమె గొంతులో నేరం చేసినవాళ్ల నెమ్మది ఉంది. ఇంజిన్ అలా కావడానికి గేరే కారణం కావచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కూడా కాదు. హద్దు దగ్గర పెట్రోలు ఆగి గ్యాస్ పోతే పిస్టన్ కరుగుతుంది. కానీ బుడ్డి వేడెక్కి ప్రెషర్ పెరిగి, పెట్రోలుకు మించి గ్యాస్ పోయినా కరుగుతుంది. రెండూ ఒకే పరుగులో జరిగాయి. ఏది చేసింది? ప్రెషర్ అయితే నాలుగు పిస్టన్లూ దెబ్బ తినాలి కదా, మూడోది ఒక్కటే ఎందుకు? గేరు అయినా అంతే కదా? తిప్పి తిప్పి ఆలోచించేవాణ్ణి. నిజానికి ఆ ఆలోచన ఒక దాగుడుమూతలాట. కారణం తేలేదాకా నోరు విప్పక్కర్లేదని నాకు నేను పెట్టుకున్న సాకు.

తొమ్మిదో రోజు ఆ చిన్న డబ్బా పార్శిల్ వచ్చింది. భాయ్ అప్పుడు నా దగ్గరే ఉన్నాడు. డబ్బాను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఉంటే గేరు తప్పినా ఏం గాకపోయేదా?"

"గ్యాస్ ఆగిపోతుండె."

"మరి ఆమె తప్పెట్లయితది?"

నేను పార్శిల్‌లో వచ్చిన కాగితం మీదికి తల వంచాను. "కాయిదంల రాసింది సదివినవ్ పటేలా, ఆకాశం దిక్కు సూడలే. అది తెల్వక జేసినవ్, పోనీ. ఇది తెలిసి జేస్తున్నవ్" అన్నాడు. ఆ మధ్యాహ్నమే బోధన్ బస్సెక్కాను.

ఆసుపత్రి బయట చాయ్ దుకాణం దగ్గర ఆమెను కలిశాను. డ్యూటీ దిగి వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెరుకు ట్రాక్టర్లు పోతుంటే మాటలు వినబడటం లేదు. అవి పోయేదాకా ఆగి చెప్పాను.

"సిస్టరమ్మా, గేరు తప్పింది నిజమే. కని తప్పినా కాపాడే డబ్బా నేను పెట్టలే. లేకున్నా నడుస్తదని చెప్పిన. పొద్దుగాల పెట్టిన హీటర్ బంద్ జెయ్యలే. రెండోసారి ప్లగ్గులు సూడలే. తప్పు నాది. ఇన్ని దినాలు మీదనే అనుకుంటుంటే ఊకున్న."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. కోపపడుతుందని సిద్ధమయ్యాను.

"హీటర్ నేను సూసిన అన్నా."

"సూసిండ్రా?"

"మా దగ్గర బుడ్లకు ఎండ తగలనియ్యరు. మీరు వేడి వెడుతున్నరు. ఇంజిన్ పని వేరే ఉంటదేమో అనుకున్న. భాయ్ అడిగినప్పుడు నేను గూడ అందామనుకున్న. ఉస్తాద్‌కు తెల్వదా, నలుగుట్ల ఎందుకు ఇజ్జత్ తీసుడు అని ఊకున్న."

"నేనేమో, తప్పయితే మీరు చెప్తరు గదా అనుకున్న."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరి మీద ఒకరికి గౌరవం లేకపోయి ఉంటే ఆ పిస్టన్ బతికేది.

"ఇంకొకటి" అంది. "మూడోసారి గ్యాస్ రాలే. నాకప్పుడే తెలిసింది. ముప్పయ్యేండ్లు ఆ సప్పుడు పక్కన నిలబడ్డ. రాలేదంటే తెల్వదా?"

"మరి చెప్పలేదేం?"

"మీరు ఎగురుతుండిరి."

ఇంజిన్ భాయ్ షాపులో విప్పాం. విప్పొద్దన్న మనిషి సెలవు పెట్టి వచ్చి నిలబడింది. బల్ల మీద పాత చీర ముక్క పరిచింది. నేను అడగకముందే పదమూడో నంబరు పానా నా చేతిలో పడింది. తర్వాత పద్నాలుగు. నా చేయి ఎటు పోతోందో చూసి ఆమె చేయి కదులుతోంది. ముప్పై ఆరేళ్లలో నాకు అలా పానా అందించినవాళ్లు లేరు. భాయ్ కూడా ప్రశ్నలు ఆపేశాడు.

హెడ్డు లేపితే మూడో పిస్టన్ అంచు ఎలుక కొరికినట్టు ఉంది. పై రింగు కూర్చునే గాడి పగిలింది. సిలిండర్ గోడకు మాత్రం పెద్ద గీతలు పడలేదు. భాయ్ వేలితో తడిమి, "ఇంకొక్కసారి గ్యాస్ తోని ఉరికితే గోడ పోతుండె" అన్నాడు. పొగరుగా అనలేదు. దాన్ని తడుముతూ, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

కొత్త పిస్టన్ కూడా కంపెనీ రకమే వేశాం. గట్టిది వేద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. "తక్కిన మూటికి లేనిది దానికెందుకు?" అంది. అన్నీ బిగించి, కింది ఆయిల్ పళ్లెం మూయబోతుంటే చేయి అడ్డం పెట్టింది.

"ఆగుర్రి. లెక్క జూస్తం."

"ఏం లెక్క?"

"కుట్లేసే ముందల అన్ని లెక్క వెడుతం అన్నా. కత్తెర్లు, దూది ముక్కలు, అన్ని. లోపల ఏం మిగలొద్దు."

చీర ముక్క మీద పాత సామాను పరిచి ఉంది. పాత పిస్టన్. దాని పిన్ను. పిన్ను జారకుండా రెండు వైపులా పట్టుకునే సన్నని తీగ రింగులు రెండు ఉండాలి. ఒక్కటే ఉంది. ఆమె వేలు ఆ ఒక్కదాని మీద ఆగింది. "ఇసొంటిది రెండు తీసిండ్రు. నేను జూసిన."

నేల ఊడ్చాం. బల్ల కింద వెతికాం. నా జేబులు తిరగేశాను. చివరికి భాయ్ అయస్కాంతం కడ్డీ తెచ్చి ఇంజిన్ లోపల తిప్పితే, క్రాంకు పక్కన మూలలో నుంచి టిక్కుమని అంటుకుని వచ్చింది. దాన్ని లోపల వదిలి స్టార్ట్ చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా ఇష్టం లేదు. అంతకుముందు నేను మూసిన వందల ఇంజిన్లు గుర్తొచ్చాయి. ఒక్కదానికీ లెక్క పెట్టలేదు. అవన్నీ ఎట్లా తిరిగాయో దేవుడికే తెలియాలి.

ఆమె ఇక గ్యాస్ జోలికి రాదనుకున్నాను. బండి సిద్ధమై, కొత్త రింగులు కుదురుకునేదాకా నెమ్మదిగా నడిపిన తర్వాత, వానాకాలం పోయాక ఫోన్ చేసింది. "మళ్ల ఎప్పుడు పెడుదాం అన్నా?" ఎందుకు సిస్టరమ్మా అని మళ్లీ అడిగాను. ఈసారి ఊకెనే అనలేదు. "ముప్పయ్యేండ్ల సంది ఈ గ్యాసు మనుషులను పండవెడుతుంటె సూసిన. ఉరికిస్తదంటే ఇంక సూడాలె అనిపిస్తది. అంతకంటె చెప్పరాదు" అంది. నాకు సగం అర్థమైంది. మిగతా సగం కోసం అడగలేదు.

చలికాలంలో అదే వెంచర్ రోడ్డు మీద రెండు పరుగులు తీశాం. ఈసారి గ్యాస్ ఆపే డబ్బా ఉంది. ముల్లు చూసే పని భాయ్‌ది. ఆయన చేయి ఎత్తితే బండి ఆగాలని ముందే ఒప్పందం. రెండు పరుగులూ బాగా సాగాయి. రెండోదాని వేగం, మార్చిలో గ్యాస్ లేకుండా పోయినదాని కంటే చాలా ఎక్కువ. నాకు లోపల ఒక ముడి విడినట్టయింది. ప్లగ్గులు తీశాను. నాలుగూ లేత గోధుమ రంగులో ఉన్నాయి. మూడోది మిగతా వాటికంటే రవ్వంత తెల్లగా ఉందా? కళ్లద్దాలు తీసి తుడిచి చూశాను. ఎండకు పట్టి చూశాను. భాయ్ చూశాడు. ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"ఏమైందన్నా?" అంది సిస్టరమ్మ.

"తెలుస్తలేదు."

"ఇంకొక్క పరుగు పోవచ్చా?"

పోవచ్చని నోటిదాకా వచ్చింది. "తెలుస్తలేదు సిస్టరమ్మా" అని మళ్లీ అన్నాను.

"అయితే బంద్ జేద్దాం" అంది. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. తానే పోయి బుడ్డి వాల్వు మూసి, ఫ్యూజు తీసి తన సంచిలో పెట్టింది. నేనైతే ఇంకో గంట ఆ ప్లగ్గును చూస్తూ నిలబడేవాణ్ణి.

అదే నేను చేసిన ఆఖరి పెద్ద పని. ఆ తర్వాత రెండు నెలలకు గ్యారేజీ వదిలేశాను. ఆ బండి ఇప్పటికీ తిరుగుతోంది. మార్చిలో పిస్టన్‌ను తిన్నది గేరా, హీటరా అని భాయ్‌ని ఇప్పటికీ అడుగుతుంటాను. ఒకసారి గేరు అంటాడు, ఒకసారి హీటర్ అంటాడు, మూడో పిస్టన్ పుట్టుకతోనే కమ్జోరు అని కూడా అంటాడు. మూడూ నమ్మబుద్ధి అవుతాయి. మీలో ఎవరికైనా తెలిస్తే వచ్చి చెప్పండి.

ఆ చలికాలం పరుగులు అయిపోయిన రోజు, కోటగిరిలో మా చెల్లెలి ఇంటికి పోవాల్సి ఉండి, నేనూ ఆ బండిలోనే బోధన్ దాకా పోయాను. భాయ్ వెనక సీట్లో నిద్రపోయాడు. సిస్టరమ్మ నడుపుతోంది. దారిలో మా ముందు ఒక చెరుకు ట్రాక్టర్ పడింది. రెండు ట్రాలీలు, ఎడ్ల బండికంటే కాస్త మేలు అన్నంత నడక. ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉంది. ఆమె దాటలేదు. హారన్ కొట్టలేదు. ట్రాలీ నుంచి చెరుకాకులు ఎగిరి అద్దం మీద పడుతుంటే వైపర్ వేసి, మళ్లీ ఆ ట్రాక్టర్ వెనకే మెల్లగా పోనిచ్చింది.

చాలాసేపు ఓర్చుకుని, "రోడ్డు ఖాళీగున్నది సిస్టరమ్మా. దాటేస్తే అయిపాయె గదా" అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది.

"గంత తొందరేమున్నదన్నా?" అంది.